మూడో బాణలి

బెల్లం పాకం వాసనేసే మా షెడ్డుకు
గుత్తి స్టేషన్లో దిగి, ఆటో ఎక్కి వచ్చినాడు
బొంబాయి యూదుల సారు, ఎలియాహు రోహేకర్.
నెత్తిన గుండ్రటి టోపీ, చేతిలో టార్చిలైటు.
మా మామ నమాజు టోపీ కంటే రొంత చిన్నది,
అనుకుంటి, పైకి అనలా.

మా శెనిక్కాయ చెక్క సముద్రం దాటాలంటే
ఆయన సంతకం కావాలంట.
నాకు రొంత తురకం వస్తాదని
మాట మార్చి చెప్పేదానికి నన్ను పక్కన నిలబెట్టిరి.

ఈ నెయ్యి ఏ పశువుది?
ఈ గోనెసంచి ముందు దేనికి వాడిరి?
పురుగు ఏరేటప్పుడు వెలుతురు ఏ దిక్కు నుంచి పడుతుంది?
పొయ్యికి అగ్గిపుల్ల మాత్రం తానే గీస్తాడు,
ఆ మీద మంట మాది, కలబెట్టే చెయ్యి మాది.
"కొత్తకోడల్ని మా అత్త గూడా ఇన్ని అడగలా"
అని మస్తానమ్మ మూతికి కొంగు అడ్డం పెట్టుకునె.
నాకు నవ్వు రాలా.
జబా చెయ్యని కోడి గడప దాటితే
ఇల్లంతా కడిగించిన ముసలమ్మ కింద
పద్దెనిమిదేండ్లు వండినదాన్ని నేను.

బేస్తవారం పొద్దుగూకేముందు అడిగె:
"ఈ బాణళ్లలో ఇంకేమన్నా వండినారా, ఎప్పుడన్నా?"
మద్దిలేటి సేటు లేదనె. మేస్త్రీ లేదనె.
సుంకన్న గోడమీది బల్లిని చూస్తా లేదనె.
ఆ మూడు లేదులూ నేను హిందీ చెయ్యాల.

సుంకన్నకు బిడ్డ పుట్టిన రాత్రి
మూడో బాణలిలో పొట్టేలు కూర,
నైటు షిఫ్టు పద్నాలుగు మందికి.
నేనూ తింటి.
నల్లి బొక్క నాకే ఏసిరి.

"వండినారు సార్," అంటి.

ఆయన కోపం చేయలా.
వంగి, బాణలి అంచు మీద వేలు పెట్టి అడిగె:
"వేపుడా, పులుసా?"

నా బతుకులో ఎవురూ నన్ను ఇంత శ్రద్ధగా
కూర గురించి అడగలా.
"పులుసే సార్. పల్చన."
"ఐతే నీళ్లు చాలు. వేపుడైతే నిప్పు కావాల.
ఎట్ల పట్టిందో అట్లే వదులుతుంది."

ఒక పగలూ రాత్రీ బాణలి చల్లగా పడుండాల.
అంటే శుక్రారం సాయంత్రం. పొద్దుగూకితే ఆయన పని ముట్టడు.
అంటే శనివారం, చుక్కలు పొడిచేదాకా.
లారీ గేటు కాడనే నిలబడె.
మాకు రెండు దినాల కూలి పాయె.
మస్తానమ్మ నా పక్కనుంచి
నీళ్ల చెంబు గూడా జరుపుకునె.

శుక్రారం రాత్రి, కొయ్యని పండ్లైతే తింటాడని
అరటిపండ్లు తీసుకుని మెట్లెక్కితి.
రెండు దీపాలు కొడిగట్టినాయి,
నెత్తిమీద ట్యూబులైటు మాత్రం గీమంటాంది.
పండుకోలేక కూర్చోనుండాడు.
"ఆర్పేదా సార్?"
"నా కోసమైతే వద్దమ్మా."
"నా కోసమైతే?"
పైకప్పు చూసి, గడ్డం గోక్కుని
"అది పెద్ద ప్రశ్న" అనె.
ఎన్ని తరాల పెద్దోళ్లు ఎన్ని పుస్తకాల్లో తగువాడినారో
గుత్తి కరెంటుకేం తెలుసు,
అంతలోకే పోయె.
చీకట్లో ఇద్దరం నవ్వితిమి.

శనివారం కోట బురుజు మీద
ఒక చుక్క. రెండు.
మూడోదాన్ని సుంకన్నే చూపిచ్చె.
బాణలి నిండా నీళ్లు కుతకుతమంటాంటే
పొయ్యిలో ఎర్రగా కాలిన గుండురాయిని
పట్టకారుతో మోసుకొచ్చి విడిచె.
బుస్సుమని
అంచులన్నీ దాటి పొంగి
నీళ్లు మా కాళ్లదాకా వచ్చె.
మస్తానమ్మ ఎగిరి నా పక్కకే దూకె.

సంతకం పెట్టి, పెన్ను జేబులో పెట్టి
పోతా పోతా మెల్లిగా అడిగినాడు సారు:
"ఆ పులుసులో టమేటా వేసిరా, చింతపండా?"

ఏ చట్టం కింద అడిగెనో నాకు తెలీదు.
చింతపండే, అంటి. పాతది, నల్లది.
ఆయన రొంతసేపు
కండ్లు మూసుకుని నిలబడె.